లోతెంతని అడిగాను

వీటిని ఫ్లాగ్స్ అంటారు, జెండాలని.
ఎగరవు.
ఒక ఫైల్లో, ఒక్క వరసలో, కొటేషన్ గుర్తుల మధ్య
దొడ్లో తోలిన గొర్రెల్లా ఒద్దికగా నిలబడతాయి.
సోర్స్ కోడ్ మీద చెయ్యి వేసే ముందు
కంపైలర్ వాటి మొహం చూస్తుంది.

క్లాక్స్‌విక్ రేవులో, వలలు బాగుచేసే షెడ్డు మీద నా గది.
ఫిబ్రవరి. కిటికీ అద్దానికి ఉప్పు పేరుకుని
అవతలి కొండ ఉందో లేదో తెలియదు.
పడవలకి ప్యాకేజీలు కట్టి ఇవ్వడం నా పని.
అడుగు ఎంత లోతుందో గీత గీసి చూపే ప్రోగ్రాం
కాస్త మెల్లగా నడుస్తోందన్నాడు తుమ్మస్.
అతను కాస్త అన్నాడంటే
వినేవాళ్ళు రెండింతలు చేసుకోవాలి.

ఓ-టూని ఓ-త్రీ చేశాను.
ఆశ తీరలేదు.
మార్చ్ ఈక్వల్స్ నేటివ్ అని రాశాను.
అంటే, ఈ యంత్రాన్నే తడిమి చూసి
దీని ఒంటికి బిగుతుగా కుట్టమని.
ఫాస్ట్ మాథ్ దగ్గర మాత్రం వేలు ఆగింది.
లెక్క తొందరపడితే లోతు అబద్ధమాడుతుంది,
ఆ మాత్రం భయం ఉంది నాకు.
ఉండాల్సిన భయం ఇంకొకటి లేదు.

రాత్రంతా ఫ్యాను రొద.
వార్నింగులు పసుపుపచ్చగా పైకి పాకిపోయాయి,
చదవకుండానే చదివినట్టు తలూపాను.
తెల్లారి పరీక్షిస్తే గీత చేపలా దూసుకుపోయింది.
నా బల్ల మీద, నా యంత్రంలో.
పడవలో కాఫీ కెటిల్ పక్కన తాడుతో కట్టేసిన
పదహారేళ్ళ పెట్టెలోకి ఎక్కించి
ఇన్‌స్టాల్ అయిందనే మాట చూసి దిగొచ్చేశాను.
తుమ్మస్ ఎండబెట్టిన మాంసం ఓ ముక్క కోసి ఇచ్చాడు.
నడుస్తుందో లేదో నడిపించి చూడాలని
ఇద్దరికీ తట్టలేదు.

మూడో రోజు శాటిలైట్ ఫోను.
గాలి ముందు మాట్లాడింది, తర్వాత అతను.
"తెర నల్లగా ఉంది మార్యున్. రెండే మాటలు.
ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్.
చట్టానికి విరుద్ధంగా నేనేం అడిగాను?
లోతెంతని అడిగాను."

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.
నేటివ్. ఎవరికి?
ఆ మాట రాసినప్పుడు గదిలో ఉన్నది నేనూ, నా యంత్రమూ.

"టెర్మినల్ తెరువు. ఫ్లాగ్స్ అన్న వరస చదువు."
ఆ ముసలి ప్రాసెసర్‌కీ ఉన్నాయి జెండాలు,
తనకేం వచ్చో తనే చెప్పుకునేవి.
అతను చదివాడు, దిగిన చేపల పద్దు చదివే గొంతుతో:
ఎమ్మెమ్మెక్స్. ఎస్సెస్ఈ. ఎస్సెస్ఈ టూ.
మధ్యలో లైను కొట్టేసింది, మళ్ళీ మొదటినుంచి.
ఏవీఎక్స్ కోసం చెవి నిక్కించుకుని కూచున్నాను
పేర్లు పిలిచే బడిలో
రాని పిల్ల తాలూకు మనిషిలా.
వరస అయిపోయింది. రాలేదు.

నేటివ్ చెరిపేశాను.
ఆ పెట్టె పుట్టిన ఏటి నాటి పేరు వెతికి రాశాను.
ఓ-త్రీని కూడా ఓ-టూకి దించేశాను, అది సిగ్గుతో.
మళ్ళీ ఫ్యాను, మళ్ళీ పసుపు గీతలు.
ఈసారి ఒక్కొక్కటీ చదివాను.
ఈలోగా వాళ్ళు తాడుకి సీసపు గుండు కట్టి
చేతులతో దించుతున్నారట,
కుర్రాడు హోగ్ని అరిచి లెక్కపెడుతున్నాడు,
తాడు తడికి వాడి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

శాటిలైట్ దారిలో ప్యాకేజీ
చుక్క చుక్కగా దిగింది. రెండు గంటల పది నిమిషాలు.
"గీత వచ్చింది," అన్నాడు తుమ్మస్. "నలభై తొమ్మిది బారలు."
కాసేపు గాలి.
"హోగ్ని తాడూ నలభై తొమ్మిదే అంది.
నీది మునుపటంత మెల్లగానే ఉంది."

ఆ ఫైల్లో ఇప్పుడు ఫ్లాగ్స్ వరస పైన
హ్యాష్ గుర్తు పెట్టి ఒక ముక్క రాసి ఉంచాను,
ఏ కంపైలరూ చదవనిది:
ఎవరి ఒంటికి కుడుతున్నావో ముందు అడుగు.

పడవ రేవుకొచ్చిన రోజు చూశాను,
గుండు కట్టిన తాడు
విప్పకుండా, కెటిల్ పక్క మేకుకి వేలాడుతోంది.
తీసెయ్యమని నేను అనలేదు.